పదిహేడో గడిలో జవాబు

వయసు మీద పడితే పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో యావ పట్టుకుంటుంది. కొందరు తాళంచెవులు దాచి, దాచిన చోటు మరిచిపోయి, ఇంటిల్లిపాదినీ దొంగల్ని చేస్తారు. కొందరు తిన్న చెయ్యి కడుక్కుంటూనే తమకెవరూ అన్నం పెట్టలేదంటారు. ఈ ఇంటి మామగారికి మాత్రం ఇంటిని కొట్టి చూసే యావ పట్టుకుంది.

అరచేతిలో ఇమిడిపోయే సుత్తి అది. పొద్దున్నే టీ గ్లాసు కింద పెట్టగానే దాన్ని పుచ్చుకుని బయలుదేరేవారు. గుమ్మం, కిటికీ చట్రం, ఇనప బీరువా, నీళ్ళ డ్రమ్ము, మెట్ల కమ్మీ, దేన్నీ వదిలేవారు కాదు. ఒక్క దెబ్బ, మెత్తగా. తర్వాత తల ఓరగా వాల్చి, ఎవరింటి తలుపో కొట్టి తీస్తారని నిలబడ్డ మనిషిలా ఆగేవారు. రెండడుగులు జరిగి మళ్ళీ ఒక్క దెబ్బ.

"మామయ్యా, గోడకేమైనా జ్వరమా? నాడి పట్టుకు చూస్తున్నారు," అనేది కోడలు వంటింట్లోంచి.

"గోడకేం, గుండ్రాయిలా ఉంది. నీ కిటికీ చట్రానికే నూకలు చెల్లాయి."

"మీ అబ్బాయికి చెప్పండి. నేను చెబితే ఆయనకి వినబడదు, రైలింజను నడిపే చెవి."

"నేను చెప్పినా వినబడదు. అది పెళ్ళికి ముందునుంచీ ఉన్న జబ్బే."

అంతవరకూ నవ్వులాటే. సుత్తి పట్టిన ముసలాయన ఇంట్లో ఉంటే కనీసం మేకులైనా కొట్టించుకోవచ్చని కోడలు సరిపెట్టుకుంది. పైగా ఆ చప్పుడు ఆ ఇంటికి కొత్తది కాదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన బతుకుతెరువే అది.

రెండు వీధుల అవతల నది. నది మీద కమాను వంతెన. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కణ్ణుంచో వస్తారు. రానివాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, తపాలా బిళ్ళ మీదో, గోడ క్యాలెండరు మీదో, బిస్కెట్ల డబ్బా మూత మీదో. ఈ ఒడ్డున లేచి ఆ ఒడ్డున వాలిన ఒకే ఒక్క ఉక్కు గీత. నడుమ నీళ్ళలో స్తంభమన్నది లేదు. రైలుదారి ఆ గీత కింద ఊయల పలకలా వేలాడుతుంది. భవనాలు కట్టే చదువు చదివే పిల్లలు ఏటా బస్సుల్లో దిగి, ఒడ్డున చతికిలబడి దాని బొమ్మ గీసుకునేవారు. రాయి ఒక్కటే చేతిలో ఉన్నన్నాళ్ళూ మనిషి చిన్న చిన్న అంగలు వేస్తూ నది దాటాడనీ, ఉక్కు దొరికాకనే ఇంత గంతు వేయగలిగాడనీ, పెద్ద పెద్ద స్టేషన్ల కప్పులూ ఆటస్థలాల కప్పులూ ఆ గంతు చూసి నేర్చుకున్నవేననీ వాళ్ళ మాస్టారు చెప్పేవాడు. మామగారు నడక పలక మీదనుంచి ఆ పాఠం ఏటా వినేవారు.

"వాళ్ళకి అది గీత," అనేవారు ఇంటికొచ్చి. "నాకు తొంభై వేల బొడ్డులు."

బొడ్డులంటే రివెట్ల తలలు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన కమాను సంగతి కూరగిన్నె మూత బోర్లించి మరీ చెప్పారు. అది ఊరికే నిలబడినట్టు కనిపిస్తుంది గానీ, రెండొడ్డుల్నీ చెరోవైపుకీ తోస్తూనే ఉంటుందట. ఒడ్డులు తిరిగి దాన్ని తోస్తాయట. ఆ తోపులాట సాగినన్నాళ్ళే కమాను, ఒకరు తప్పుకున్న రోజున నదిలో ఇనుము.

"అంటే కాపురం లాగానన్నమాట," అంది కొత్త కోడలు.

"మీ అత్తయ్య ఉండుంటే ఈ మాటకి నిన్ను మెచ్చుకునేది. నన్ను మాత్రం తిట్టేది," అన్నారాయన.

కమాను దూలం చూడ్డానికి బరువుగా ఉంటుంది గానీ లోపల బోలు. నాలుగువైపులా ఉక్కు పలకలు పెట్టి రివెట్లతో కుట్టిన పొడుగాటి పెట్టె. మనిషి మోకాళ్ళ మీద పాకితే పట్టేంత. దాన్ని గడులుగా లెక్కపెట్టుకుంటారు. నడిమధ్య ఒకటో గడి, ఈ ఒడ్డు చేరేసరికి పదిహేడోది. కమాను పాదం అదే, మొత్తం బరువు దిగేది అక్కడే. ఇక రివెట్టు పట్టు వదిలిందో లేదో కళ్ళతో చూస్తే తెలియదు. రంగు వేశాక అన్నీ పెళ్ళికొడుకులే. అందుకని ఇద్దరు వెళ్ళాలి. ఒకడు బయట నిలబడి రివెట్టు తల మీద కొడతాడు. ఇంకొకడు లోపల చీకట్లో అదే రివెట్టు అవతలి కొస మీద వేలు పెట్టి ఉంచుతాడు. గట్టిదైతే వేలికి దెబ్బ ఒక్కటే తగులుతుంది. వదులైతే దెబ్బ తర్వాత సన్నగా వణుకుతుంది, గుప్పిట్లో పిచ్చుకపిల్ల వణికినట్టు. పెట్టెలో మాట్లాడితే గుయ్యిమని మోగడమే తప్ప ఒక్క ముక్క బయటికి రాదు. కాబట్టి లోపలివాడు ఇనప మేకుతో జవాబిస్తాడు. ఒక్క చప్పుడైతే బాగుందని. రెండైతే వదులని. రెండు వినబడ్డ చోట బయటివాడు సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాడు. సాయంత్రం ఆ గుర్తులు రిజిస్టరుకి ఎక్కుతాయి.

బయటివాడు మామగారు. లోపలివాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, ఎంత కన్నంలోనైనా దూరతాడని అందరూ ఎలుక అనే పిలిచేవారు. సన్నటి మనిషి, మనిషికి మించిన నవ్వు. ఎలా ఉన్నావని ఎవరడిగినా, నూట రెండు జ్వరంతో ఉన్నా సరే, "బాగే" అనేవాడు. పన్నెండేళ్ళ కిందట ఆ పెట్టెలోనే పని మధ్యలో గుండె ఆగి పోయాడు. మామగారు ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు పనిచేసి ఉద్యోగం విరమించారు. కోడలికి తెలిసింది అంతే.

ఒకరోజు మామగారు హాల్లోంచి వంటింటి గోడ మీద కొట్టి ఆగితే, పోనీలే పాపమని కోడలు చేతిలో ఉన్న గరిటెతో ఇటునుంచి ఒక్కటి కొట్టింది. అవతల ఆయన "ఊఁ" అన్నారు తృప్తిగా. ఆనాటినుంచి అదో ఆట అయింది. కూర మాడకుండా చూసుకుంటూ, అన్నం వార్చుకుంటూ జవాబిచ్చేది. ఎప్పుడూ ఒక్కటే. రెండు కొడితే గోడ పడగొట్టిస్తారేమోనని భయం.

బుధవారంనాడు ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మొగుడు డ్యూటీకి పోయాడు. లోపల సుత్తి ఠక్కుమంది. గరిటె లేని తన చేతిని చూసుకుని ఆమె నవ్వుకుంది.

వంటింట్లోంచి జవాబు వచ్చింది.

ఒక్క చప్పుడు. గరిటెది కాదు. మొద్దుగా, ఇనుము మీద ఇనుము ఆనించినట్టు. ఆ గోడ ఇటుకలది. ఇటుక మీద ఏది పెట్టి కొట్టినా అలా మోగదు.

బట్టల క్లిప్పులు గుప్పిట్లో పట్టుకునే లోపలికి వచ్చింది. పొయ్యి ఆర్పే ఉంది. గరిటె కొక్కేనికి వేలాడుతోంది, కదలకుండా. అవతల మళ్ళీ సుత్తి పడింది. ఈసారి ఆమె కళ్ళ ముందే, చెయ్యి చాస్తే అందే గోడలోంచి, మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి చెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తునుంచి, ఒక్క చప్పుడు.

దయ్యాల మీద ఆమెకి నమ్మకం లేదు. డిగ్రీలో ఫిజిక్సు చదువుకుంది. అయితే చప్పుడు పుట్టాలంటే చప్పుడు చేసేది ఏదో ఒకటి ఉండాలని చెప్పింది కూడా ఆ ఫిజిక్సే.

హాల్లోకి వెళ్ళింది. "మామయ్యా, నేను పెరట్లో ఉన్నాను."

ఆయన సుత్తి దించారు. మొహంలో భయం కనిపిస్తుందనుకుంది. కనిపించింది ఊరట, చాలా దూరం ఒక్కరే మోసుకొచ్చిన మూటకి ఇంకో చెయ్యి తగిలినట్టు.

"నీకూ వినబడిందా?" అన్నారు.

"వినబడింది. ఎవరు?"

"ఎలుక."

కూర్చోమని కుర్చీ చూపించి, తను మాత్రం నిలబడే చెప్పారు. పన్నెండేళ్ళ కిందట ఆ రోజు ఇద్దరూ పదిహేడో గడి పట్టుకున్నారు. ఎనిమిదింటికి మొదలుపెట్టారు. ఆయన కొట్టడం, ఎలుక జవాబివ్వడం. పదకొండున్నరకి టీ తాగుదాం రమ్మని కన్నం దగ్గర కేకేస్తే ఉలుకూ పలుకూ లేదు. దూరి చూస్తే, పలకకి వీపు ఆనించి, మేకు చేతిలో పట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఒళ్ళు బిగుసుకుపోయింది. డాక్టరు చూసి తొమ్మిది లోపే పోయాడన్నాడు.

"తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా నేను కొడుతూనే ఉన్నానమ్మాయ్. నలభై ఒక్క రివెట్లు. నలభై ఒక్కటికీ జవాబొచ్చింది. అన్నీ ఒక్కటే."

కోడలు గుప్పిట్లోని క్లిప్పులు బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? శవం సాక్ష్యమిచ్చిందనా? బాగుందని రాసేశాను. తర్వాత ఇంకో మనిషిని ఇస్తామన్నారు. వద్దన్నాను. మరుసటి వారం ఒక్కణ్ణే వెళ్ళి ఊరికే ఒకటి కొట్టి చూశాను. పలికాడు. ఆరేళ్ళు వాడితోనే పనిచేశాను. పైవాళ్ళు కూడా సంతోషించారు, ఒక్క మనిషితో ఇద్దరి పని అవుతోందని."

"మరి ఇప్పుడు ఇల్లంతా కొట్టడం దేనికి మామయ్యా?"

ఆయన బల్ల మీది పేపరు ఆమె వైపు జరిపారు. చదవక్కర్లేదు, ఆ వార్త ఆమెకి తెలుసు. సోమవారం నుంచి కమాను మీదుగా ఖనిజం మోసే గూడ్సు బళ్ళు నడుపుతారు. ఇన్నాళ్ళూ నడిచిన బళ్ళకి రెండింతల బరువు. మొదటి బండి నడపబోయేది ఆమె మొగుడే. ఆ గౌరవానికి గుర్తుగా యూనిఫారం రెండుసార్లు ఉతికించుకున్నాడు కూడా.

"వాణ్ణి పరీక్ష పెడుతున్నాను," అన్నారు మామగారు, గోడ వింటుందేమోనన్నట్టు గొంతు తగ్గించి. "గోడ బాగుందన్నాడు. నిజమే. బీరువా అడుగు తుప్పుపట్టి వేలితో నొక్కితే రాలుతోంది, అదీ బాగే అన్నాడు. చెద తిన్న చట్రం, అదీ బాగే."

"ఇంకేం మరి, తేలిపోయిందిగా."

"ఎలా తేలుతుంది?" ఆయనకి కోపం వచ్చింది. "చెక్క సంగతి వాడికేం తెలుసు? బీరువా మనింటిదని మొహమాటపడ్డాడేమో. కమాను దగ్గర వాడు నాకు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఇరవై రెండేళ్ళమ్మాయ్. ఒక్కటి కూడా."

ఇరవై రెండులో ఆ చివరి ఆరూ కలిసే ఉన్నాయని కోడలు గమనించింది. పైకి అనలేదు.

సాయంత్రం మొగుడు యూనిఫారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే పక్కన చేరింది.

"ఏవండీ, సోమవారం బండి ఇంకెవరినైనా నడపమనండి."

"ఏం, ఆ రోజు నాకేమైనా పెళ్ళిచూపులు పెట్టావా?"

మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను కాలర్ మీదే ఇస్త్రీపెట్టె తిప్పుతూ ఉన్నాడు. కాలర్ అట్టముక్కలా అయ్యాక పెట్టె నిలబెట్టాడు.

"ఆపమని ఎవరి పేరు చెప్పను? ఎలుక పేరా? మందు పట్టించావా అని అడుగుతారు. పదిహేడో గడి పక్కన రిజిస్టరులో ఒక్క గుర్తు లేదు, తెలుసా? కమాను మొత్తానికి మచ్చలేని గడి అదే."

"నా భయం కూడా అదే."

"నాన్న ముప్ఫై నాలుగేళ్ళ చాకిరీ మీద గీత కొట్టమంటావా నన్ను?"

"మిమ్మల్ని ఎందుకు కొట్టమంటాను? ఆయన్నే కొట్టమంటాను," అంది.

అతను చొక్కా తీసి కొక్కేనికి తగిలించాడు. "నాన్నకి ఇప్పుడు మెట్లు దిగడం కష్టం, చెయ్యి పట్టుకో," అన్నాడు. అతని భాషలో అది సరేనని అర్థం.

శుక్రవారం వంతెన ఆఫీసుకి వెళ్ళింది. కమానుని చూసుకునేది ఒక ఇంజనీరమ్మాయి. హెల్మెట్ కింద నలిగిన జుట్టు, ఒక చెవిలో ఫోను, బల్ల మీద చల్లారిన టీ మూడు గ్లాసులు. కోడలు ఎలుక ఊసెత్తలేదు. పెద్దాయనకి పాత పని మీద మనసు పోతోందనీ, బరువు బళ్ళు మొదలుకాకముందు ఒక్కసారి తన గడి కొట్టి చూసుకుంటారనీ, ఆఫీసు పత్రికకి మంచి ఫోటో కూడా అవుతుందనీ చెప్పింది. ఫోటో అనగానే ఇంజనీరమ్మాయి ఫోను పక్కన పెట్టింది.

"మీరిప్పుడు ఎలా చూస్తారు తల్లీ?" అంది కోడలు ఏమీ తెలియనట్టు.

"బయటనుంచి కెమెరాతో ఆంటీ. పాత గుర్తులున్న గడుల్లోకి మాత్రం మనిషిని పంపిస్తాం. మచ్చలేని వాటిలోకి దేనికి, టైము దండగ."

"నిజమే. బుద్ధిగా ఉండే పిల్లల పుస్తకాలు ఎవరూ తెరిచి చూడరు."

ఇంజనీరమ్మాయి నవ్వబోయి ఆగింది. "రేపు పదింటికి రండి. పదిహేడో గడికి ఒడ్డునుంచి పన్నెండు మెట్లే. ఇంతకీ లోపలికి ఎవరు దూరతారు?"

"నేనే. మంచాల కింద దూరి చిమ్మిన ఒళ్ళు."

శనివారం ఎండ కాస్తోంది. ఒడ్డు మీద అప్పటికే ఎవరో జంట కమాను ముందు నిలబడి, చేతులు దాని వంపులాగే పెట్టి ఫోటో తీయించుకుంటున్నారు. మామగారు పన్నెండు మెట్లూ కొడుకు మాట నిలబెడుతూ కోడలి చెయ్యి పట్టుకునే దిగారు. దిగాక చెయ్యి విదిలించుకున్నారు. ఇంజనీరమ్మాయి కోడలికి హెల్మెట్ పెట్టి, దాని దీపం వెలిగించి, నడుముకి తాడు కట్టింది. మేకు ఏదని వెతికితే లేదు. కోడలు చేతిసంచిలోంచి టిఫిన్ డబ్బా చెంచా తీసింది.

"ఇది చాలు. నా చేతికి అలవాటైనది ఇదే."

కన్నం మూత తీశారు. తుప్పూ పాత రంగూ కలిసిన గాలి ఒకటి మొహానికి కొట్టింది. ఆమె కాళ్ళు ముందు పెట్టాలా తల ముందు పెట్టాలా అని ఒక క్షణం ఆలోచించి, తలే పెట్టింది.

లోపల ఎండ లేదు, నది మాత్రం ఉంది. ఎక్కడో కింద పారే నీళ్ళ చప్పుడు పలకల్లోంచి ఎక్కి వచ్చి, చెవిలో శంఖం పెట్టుకున్నట్టు వినబడుతోంది. మోకాళ్ళ మీద పాకింది. దూరంగా మామూలు బండి ఏదో వంతెన ఎక్కినట్టుంది. పెట్టె మొత్తం ఒక్కసారి బిగిసి, వదిలింది. దీపం వెలుగు నేల మీద పడింది. ఏళ్ళ తరబడి రాలిన ఎర్రటి తుప్పు పొడి. ఆ పొడి మీద మోకాళ్ళ జాడలు. ఆమె ఇంకా అక్కడిదాకా వెళ్ళలేదు.

వెనక్కి తిరిగి పోవచ్చు. తాడు లాగితే ఇంజనీరమ్మాయి లాగేస్తుంది. సోమవారం, అట్టముక్కలాంటి కాలరూ గుర్తొచ్చాయి. జాడల పక్కగా, వాటిని తొక్కకుండా వెళ్ళి, మామగారు చెప్పిన నలభై ఒక్కటి వరసలో మొదటి రివెట్టు మీద వేలు పెట్టింది. చల్లగా, గుండ్రంగా ఉంది.

బయట సుత్తి పడింది. వేలికి దెబ్బ ఒక్కటే తగిలింది. గట్టిది. చెంచా ఎత్తేలోపే, మోచేతి పక్కనుంచి జవాబు వెళ్ళిపోయింది. ఒక్క చప్పుడు.

దీపం అటు తిప్పింది. పలక. పలక మీద రివెట్లు. అంతే.

రెండోది, గట్టిదే. మూడోది, నాలుగోది కూడా. ప్రతిసారీ ఆమెకన్నా ముందే జవాబు. తప్పు జవాబు కూడా కాదు. భయం సంగతెలా ఉన్నా, మామయ్య అన్నది నిజమేనేమో, ఇక్కడ ఇతనికి నిజంగానే తెలుస్తోందేమో అనిపించింది. అనిపించి, ఎందుకో కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఐదో రివెట్టు కింద పలక ఉబ్బి ఉంది. సుత్తి పడింది. దెబ్బ తగిలి, దాని వెనకే వేలి కింద సన్నటి వణుకు మొదలై, గోరుదాకా పాకి, ఆగిపోయింది. చేతిలోంచి ఏదో ప్రాణం జారిపోయినట్టయింది.

పక్కనుంచి ఒక్క చప్పుడు. బాగే.

ఆమె చెంచాతో రెండు కొట్టింది. తొందరలో రెండూ కలిసిపోయి ఎలా వినబడ్డాయో తెలియదు. అప్పటికే బయట సుత్తి ఆరో రివెట్టు మీద పడింది. అదీ వణికింది. అదీ బాగే.

ఆమె వెనక్కి పాకింది. కన్నంలోంచి తల బయటపెట్టేసరికి మొహమంతా ఎర్రటి పొడి. ఇంజనీరమ్మాయి ఫోటో తీయడానికి ఎత్తిన ఫోను ఎత్తినట్టే పట్టుకుని ఉంది.

"మామయ్యా, ఆ ఒక్క చప్పుడు నాది కాదు."

"తెలుసు," అన్నారాయన. "నీది చెంచా. సన్నగా మోగింది. నువ్వేమన్నావు?"

"వణికింది. ఐదోదీ, ఆరోదీ."

"వాడు బాగుందన్నాడు."

"ఎవరు?" అంది ఇంజనీరమ్మాయి. "లోపల ఇంకెవరున్నారు ఆంటీ? నాకూ వినబడింది." ఆమె గొంతు సగంలో ఇంజనీరు పదవి దిగి, చిన్నపిల్లది అయిపోయింది.

మామగారు పలక మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. జేబులోంచి సుద్దముక్క తీశారు గానీ ఎత్తలేదు.

"నువ్వు రివెట్టు పట్టుకోవడం ఇవాళే మొదలు," అన్నారు. "వాడు పాతికవేలు పట్టుకున్నాడు."

"అవును మామయ్యా. నాకున్నది ఒకటే, వేలు."

ఆయన చూపు ఆమె మీదికి తిరిగింది. ఆమె కన్నంలోంచి అలాగే, సగం మనిషి బయటా సగం లోపలా ఉండి మాట్లాడింది.

"పోయినవాళ్ళ ఫోటో దగ్గర నిలబడి ఏం అడిగినా నవ్వుతూనే ఉంటుంది. ఇల్లు అమ్మమంటావా అన్నా నవ్వే, వద్దా అన్నా నవ్వే. ఆ నవ్వు మనకి కాదు. ఆ రోజు ఫోటో తీసినవాడికి. మీ ఎలుక ఆఖరి రివెట్టుకి ఏమని కొట్టారు?"

"ఒకటి," అన్నారు మామగారు. "అది బతికుండగా వాడే కొట్టాడు. దాన్నే ఇంకా కొడుతున్నాడంటావా?"

"అంతే మామయ్యా."

"మరి ఆరేళ్ళు నేనెవరితో పనిచేశాను?"

"ఆయనతోనే. కాకపోతే ఆయన పని చెయ్యలేదు. తోడున్నారు."

నది మీదుగా గాలి వచ్చి ఆయన చొక్కా ఊపింది. ఇంజనీరమ్మాయి మెల్లగా ఫోను దించి, "తాతగారూ, నన్ను రాయమంటారా?" అంది.

"నువ్వెందుకు? బాగుందని రాసింది నా చెయ్యి," అన్నారాయన. రివెట్టు తల మీద సుద్ద ఆనించి, ఒక గీత గీసి, ఆగి, దాని మీదుగా రెండో గీత గీశారు. ఆరో దాని మీద కూడా. ముప్ఫై నాలుగేళ్ళలో కొన్ని వేల ఇంటూలు పెట్టిన చెయ్యి, బడిలో వేసిన మొదటి రోజు పిల్లాడి చెయ్యిలా వంకరపోయింది.

ఇంజనీరమ్మాయి నాలుగు మెట్లు పైకెక్కి ఫోనులో మాట్లాడింది. సోమవారం బండి వద్దండీ. కాదండీ, వాయిదా కాదు, ఆపమంటున్నాను. పదిహేడో గడి. అవునండీ, అదే, మచ్చలేనిదే. ఆ తర్వాత అవతల ఏమడిగారో గానీ, "ఇద్దరు మనుషులు కొట్టి చూశారండీ, నేను పక్కనే ఉన్నాను," అని, కన్నం వైపు ఒకసారి చూసి, ఆ లెక్కని ఇంకేమీ సవరించలేదు.

"మిగతావి కూడా చూసేద్దామా?" అన్నారు మామగారు. "నలభై ఒక్కటీ."

"చూద్దాం. కానీ నాకన్నా ముందే ఆయన చెప్పేస్తున్నారు."

"చెప్పనీ. నీ చెంచా నాకు తెలుస్తుంది."

ఆమె మళ్ళీ తల ముందు పెట్టి లోపలికి పోయింది. జాడల పక్కన కూర్చుంది, ఇరుకు రైలు పెట్టెలో ఎవరి పక్కనో సర్దుకుని కూర్చున్నట్టు. వేలు పెట్టింది. సుత్తి పడింది. మొద్దుగా ఒక్కటి, దాని వెనక సన్నగా రెండు. బయట సుద్ద గీసిన చప్పుడు. తర్వాతది. మొద్దుగా ఒక్కటి, సన్నగా ఒక్కటి. సుద్ద లేదు. మధ్యాహ్నం ఎండ ఒడ్డు దిగేదాకా ప్రతి దెబ్బకీ రెండు జవాబులు వస్తూనే ఉన్నాయి. నలభై ఒక్కటిలో పందొమ్మిది వణికాయి. ఒక్కదాని దగ్గర కూడా ఆ మొద్దు చప్పుడు తడబడలేదు, ఆలస్యం కాలేదు.

ఆఖరి రివెట్టు దగ్గర మాత్రం కోడలి చెంచాయే ముందు మోగింది. ఒకటి. గట్టిదే. పక్కనుంచి ఏమీ రాలేదు. బయట మామగారు కదల్లేదు. పని అయిపోయిందని కేకెయ్యలేదు, సుత్తి సంచిలో వెయ్యలేదు. పలకకి చెవి ఆనించారని ఇంజనీరమ్మాయి తర్వాత చెప్పింది. అలా ఎంతసేపో ఉన్నారు. చివరికి లోపల, చాలా మెల్లగా, మొద్దుగా ఒక్క చప్పుడు వచ్చింది.

"ఊఁ," అన్నారు మామగారు. అప్పుడు కోడల్ని బయటికి రమ్మన్నారు.